మంచి చీర కట్టుకుని వస్తే చాలు

శాలువా అంటే నాకు ఒళ్ళు మంట. ఎవరైనా కప్పడానికి వస్తే ఇప్పటికీ దూరం జరుగుతాను. తొంభైల చివర మాదాపూర్‌లో నేనున్న ఆడపిల్లల హాస్టల్లో చపాతీలు చేసే అక్కకు ఒకరోజు శాలువా కప్పారు. అప్పటినుంచీ ఈ మంట.

అక్కది పాలమూరు వైపు ఒక పల్లె. చిన్న వయసులో దూరపు బంధువొకామె, బొంబాయిలో పిల్లల్ని ఆడించే పని ఉందని తీసుకెళ్ళి అమ్మేసింది. చాలా ఏళ్ళకు బయటపడి వస్తే కన్నవాళ్ళు గడప తొక్కనివ్వలేదు. ఒక మహిళా సంఘం వాళ్ళు ఆమెను మా హాస్టల్లో వంటకు కుదిర్చారు. నాకు జ్వరం వచ్చినప్పుడు జావ తెచ్చిచ్చి, పక్కన కూర్చుని తనే ఇదంతా చెప్పింది.

"ఎవలకు చెప్పకు చెల్లే. ఈడ నేను వంటామెను, గంతే. గట్లనే ఉండనియ్యి."

ఆమె ఈ లోకాన్ని అడిగింది అంతే.

తలుపు మూసిన గదిలో ఆమె కూర్చునేది కాదు. ఆటో ఎక్కే ముందు ఎటు పోతోందో మళ్ళీ మళ్ళీ అడిగేది. కూరగాయలవాడు కసిరితే నాలుగు దులిపేది కానీ, ఎవరైనా మెత్తగా ఒక మాట చెబితే కాదనలేకపోయేది. బొంబాయిలో ఆమెకు ముందు మెత్తగానే చెప్పేవారట. కాదంటే ఏం జరుగుతుందో ఆమె ఒంటికి తెలుసు.

సంఘం అధ్యక్షురాలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కలవారి ఇల్లాలు. ఆమె దయ ఎప్పుడూ ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకునే బయల్దేరేది. ఒక ఆదివారం కారులో హాస్టల్‌కు వచ్చింది.

"ఊరికే అలా వెళ్ళొద్దాం రామ్మా. నువ్వేం చెయ్యక్కర్లేదు. మంచి చీర కట్టుకుని వస్తే చాలు."

ఎక్కడికో చెప్పలేదు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేనూ కారెక్కాను.

తీరా చూస్తే ఫంక్షన్ హాలు. వేదిక మీద 'మనుషుల అక్రమ రవాణాపై అవగాహన సదస్సు' అని బ్యానరు. జ్యోతి వెలిగించారు, ఒకరినొకరు పొగుడుకున్నారు. రిటైరైన అధికారి ఒకాయన, ఆడపిల్లలు అత్యాశకు పోవడమే అన్నిటికీ మూలమని తేల్చేసి జీడిపప్పు నోట్లో వేసుకున్నాడు. అమ్మినవాళ్ళ గురించి, కొన్నవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. కొన్నవాళ్ళలో ఇలాంటి పెద్దమనుషులే ఉంటారు కాబట్టి అది మర్యాద కాదనుకున్నారేమో.

చివర అధ్యక్షురాలు మైకు అందుకుంది. మన మధ్యనే ఒక బాధితురాలు ఉందంటూ అక్క పేరు, ఊరు, పనిచేసే హాస్టలు అన్నీ గడగడా చదివేసింది. నేను లేచేలోపే ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు, గడ్డం పట్టుకుని ముఖాన్ని కెమెరా వైపు తిప్పారు.

"రెండు మాటలు మాట్లాడమ్మా."

అక్క తన పాదాల వైపే చూస్తూ నిలబడింది. ఎవరో "పాపం, సిగ్గు" అని నవ్వారు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. హాస్టల్లో మా అమ్మాయిలు, ఇంగ్లీషులో తప్ప మాట్లాడని మహా చదువరులు, అక్క చేసిన చపాతీలు ముట్టుకోకుండా బిస్కెట్లు తిన్నారు. సాయంత్రానికి యజమాని వచ్చాడు.

"నాకేం పట్టింపు లేదమ్మా. కానీ ఆడపిల్లలున్న చోటు కదా, తల్లిదండ్రులు ఊరుకోరు."

అరిచాను, తిట్టాను. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అన్నట్టు, ఆ మనిషి అక్కనే పంపేశాడు. ఆమె పుప్పాలగూడ వెళ్ళి, కట్టుబడి కూలీలు తినే ఒక పాక హోటల్లో జొన్నరొట్టెలు చేసే పనిలో చేరింది. అక్కడ పేపరు చదివే తీరిక ఎవరికీ లేదు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం నేను ఆమె దగ్గర కూర్చుని ఉండగా, దుమ్ము రేపుకుంటూ అదే కారు వచ్చింది. అధ్యక్షురాలు చెంగుతో ముక్కు మూసుకుని దిగింది.

"ఎంత వెతికించానమ్మా నీకోసం! ఈసారి మంత్రిగారొస్తున్నారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. మంచి చీర కట్టుకుని వస్తే చాలు."

నాకు తిట్టు నోటిదాకా వచ్చింది. అంతలో అక్క తలెత్తింది. రొట్టె తట్టడం మాత్రం ఆపలేదు.

"నన్ను బొంబాయికి తోలుకపోయినామె గూడ గిదే మాట చెప్పిందమ్మా. నేను రాను."

అధ్యక్షురాలి ముఖం మాడిపోయింది. నావైపు తిరిగి, "చూశారా అండీ, వీళ్ళకి మంచి చేస్తే ఇలాగే ఉంటుంది" అంది. కారు వైపు నడుస్తూ, "సరేలే, ఇంకో అమ్మాయిని చూసుకుంటాం" అంది.

అక్క రొట్టెను పెనం మీద వేసి, వెనక నుంచి కేకేసింది.

"చూసుకోండ్రి. కాకపోతే జర ఎటు తీస్కపోతున్నరో ముందుగాల చెప్పి, గప్పుడు బండెక్కియ్యుండ్రి గా పిల్లను."