పిలుపుకు పలకని రోజు

ఎవరికీ చెప్పని మాటొకటి ముందు చెప్పుకోవాలి. మా సీనియర్, వకీలు లింబాద్రి గారు కామారెడ్డి ఆసుపత్రిలో కన్నుమూశారని ఫోన్ వచ్చినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. సోమవారం ఎల్లారెడ్డి కోర్టులో గాంధారి తండావాళ్ల భూమి కేసు ఉంది. ఆయన జూనియర్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఏడుపు మరునాడు గానీ రాలేదు.

మాచారెడ్డిలో తల్లి బీడీలు చుట్టి చదివించిన మనిషి ఆయన. భూమి కేసు ఏది వచ్చినా కాగితాలు పక్కన పెట్టి, ముందు ఆ మెట్ట చెలక గట్ల వెంట నడిచి వచ్చేవారు. "గట్టు తొక్కకుండ వాదిస్తే గాలిల మాట్లాడినట్టే" అనేవారు. కోర్టంటే బెదిరే కక్షిదారులకు ఒకటే ఆజ్ఞ: "నేను రానిది మీరు నోరు తెరువొద్దు. ఒక్క మాట అటిటయితే భూమి పోతది."

కోర్టులో చూపిన వాక్చాతుర్యమే ఆయన్ని ఎన్నికల్లోకి తీసుకుపోయింది. జడ్పీటీసీగా గెలిచారు. నల్లకోటు మేకుకెక్కింది. తండా కేసు వాయిదా రోజున ఆయన ఒక బహిరంగ సభలో వేదిక మీద ఉన్నారు. కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచాడు. తండా పెద్ద సోనీబాయి, ఆమె మనుషులు ఎదురుగా వరండాలోనే కూర్చుని ఉన్నారు. ఎవరూ పలకలేదు. గైర్హాజరు కింద కేసు కొట్టేశారు.

సాయంత్రం చేరుకున్న ఆయన మండిపడ్డారట. "ఈడనే కూసుండి పలుకకపోతిరేంది?"

"నువ్వే గద సారూ, నువ్వు రానిది నోరు తెరువొద్దంటివి?" అంది సోనీబాయి.

నేను జూనియర్‌గా చేరిన మొదటి రోజే ఆయన ఈ సంగతి నాకు దాచకుండా చెప్పారు. కేసు పోయిన కొద్ది రోజులకే అవతలివాళ్లు తండావాళ్ల చెలకలో ట్రాక్టరు దించి దున్నేశారు.

మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు పార్టీ వాళ్లు ఇంటికొచ్చారు. "అన్నా, నువ్వు నిలబడు చాలు. గెలిపిచ్చుడు మా జిమ్మ."

"నిలబడాల్సిన నాడు నిలబడలే. ఇప్పుడెందుకురా?" అన్నారాయన.

కేసు తిరిగి తెరవమని అర్జీ వేసి, ప్రతి వాయిదాకూ కోర్టు తలుపులు తీయకముందే వెళ్లి వరండాలో కూర్చునేవారు. డయాలసిస్ మొదలయ్యాక కూడా మానలేదు. అర్జీ తేలకముందే మనిషి వెళ్లిపోయారు.

అంత్యక్రియలకు ముందు ఇంటి దగ్గర పెట్టిన సంతాపసభలో అందరూ ఆయన వేయించిన రోడ్ల గురించి మాట్లాడారు. నిజమే, తండా రోడ్డు కూడా ఆయన వేయించిందే. భూమి మాత్రం తిరిగి రాలేదు. ఆ వరండాలో ఆయనలా కాచుకుని కూర్చునే వకీలు నాకింక ఎక్కడా కనబడటం లేదు. ఆయన పాదాలకు నమస్కరించడం తప్ప నాకు తోచింది లేదు.

అంత్యక్రియలయ్యాక, ఇంటి ముందు షామియానా విప్పుతుండగా సోనీబాయి నా దగ్గరికి వచ్చింది.

"సోమారం ఎవరు పలుకుతరు బిడ్డా?"

"నేనే అవ్వా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడ ఎలచ్చన్లకు పోవు గద?"