విజిల్ వెయ్యని కుక్కరు, ఎనిమిది విజిళ్ల బావ

మా పల్నాడులో పెద్ద గొడవలన్నీ కోడితో మొదలవుతాయని లోకమంతా అనుకుంటుంది. నేను చెప్పబోయేది పందితో మొదలైంది. ఇందులో కుట్ర ఉంది, మోసం ఉంది, మేడ మీంచి పలికిన అశరీరవాణి ఉంది. కొండవీడు కోట ఎక్కి, గొంతు సవరించుకుని, రెండు రాత్రులు చెప్పాల్సినంత గాథ.

నిజానికి అంత లేదు. నరసరావుపేటలో, మా ఇంటి మేడ మీద, ఒక ఆదివారం రెండు కేజీల మాంసం ఉడకలేదు. అంతే సంగతి. కానీ మొదలుపెట్టాను కాబట్టి పూర్తిగా చెబుతాను.

నేను ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఒక హోటల్ వంటింట్లో రెండేళ్లు పనిచేశాను. అమ్మ చుట్టాలతో "మావాడు హోటల్ లైన్లో ఉన్నాడు" అని చెప్పుకునేది. ఆ లైన్లో నేను ఉల్లిపాయల దగ్గర ఉండేవాణ్ణి. తరిగి తరిగి రెండేళ్లు ఏడ్చాను. ఆ కన్నీళ్ల మధ్యలోంచి మసగ్గా కనిపించిన వంటకమే పుల్డ్ పోర్క్. పంది భుజం మాంసాన్ని గంటల తరబడి ఉడికిస్తే, ఫోర్కు తగిలించి లాగగానే నారలు నారలుగా విడిపోతుంది. దాన్ని బన్నులో కూరి అమ్ముతారు. అదే బన్నులో మన ఎండుమిరప కారం, కాస్త గోంగూర పచ్చడి పడితే ఎలా ఉంటుందో అన్న ఆలోచన నాకు ఒక ఉల్లిపాయకూ ఇంకో ఉల్లిపాయకూ మధ్య వచ్చింది. ఉద్యోగం మానేసి పేటకు వచ్చేశాను. వస్తూ వస్తూ ఒక కరెంటు ప్రెషర్ కుక్కరు కొనుక్కొచ్చాను.

ఇక కావలసింది షాపు. అది బావ దగ్గర ఉంది.

బావంటే మా అక్క మొగుడు. మాచర్ల నుంచి నాపరాళ్లు తెప్పించి ఇళ్లకు పరిపిస్తాడు. రాయి మీద అరచెయ్యి పెట్టి అది ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పగలడు. మనుషుల విషయంలో చెయ్యి పెట్టకుండానే చెప్పేస్తాడు. నా గురించి ఏం చెప్పాడో ఇక్కడ రాయను, ఇది ఇంటిల్లిపాదీ చదివే రచన. బస్టాండు దగ్గర ఆయనకొక షట్టరు గది ఉంది. మిగిలిపోయిన రాళ్లు దాంట్లో పడేసి ఉంచాడు. ఫోన్ చేసి అడిగాను.

"ఇస్తాలేరా బామ్మర్దీ," అన్నాడు. "ముందు నువ్వేం అమ్ముతావో నాకు పెట్టు. నచ్చితే గది నీది. నచ్చకపోతే సెల్‌ఫోను కవర్లాయన చానా రోజుల్నుంచి తిరగతన్నాడు, ఆదివారం సాయంత్రం ఆయనకి మాట ఇచ్చేస్తా."

"ఆదివారమే పెడతా బావా. పంది."

అవతల బావ కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడైంది.

"పందంటే నాకు ఇష్టమేరా. కానీ ఎనిమిది విజిళ్లు రావాల. ఏడొచ్చినా ముట్టను. సరింగా ఉడక్కపోతే మెదడులోకి పురుగులు పోతయ్యంట."

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. మీ ఇంట్లో సంగతి నాకు తెలియదు గానీ, మా వైపు వంటకు గడియారం ఉండదు, విజిల్ ఉంటుంది. పప్పుకు మూడు, ముదురు వేటమాంసానికి ఏడు. పక్కింటావిడ తన వంట మానేసి మా విజిళ్లు లెక్కపెట్టి, ఇవాళ మా ఇంట్లో ఏం కూరో చెప్పగలదు. మరి నేను కొన్న కుక్కరేమో విజిల్ వెయ్యదు. ఆవిరి కట్టాక మూత మీద చిన్న స్టీలు పిన్ను ఒకటి పైకి లేస్తుంది. తర్వాత మొదటి బెంచీ కుర్రాడిలా నోరు మూసుకుని తన పని తాను చేసుకుంటుంది.

తెలివైనవాడైతే "బావా, ఇది విజిల్ వెయ్యదు" అని ఒక్క ముక్క చెప్పేవాడు. నాకు డిగ్రీ ఉంది కాబట్టి అంత తేలిగ్గా పోనివ్వలేదు.

ఆదివారం పొద్దున అమ్మ గుగ్గిళ్ల కోసం మామూలు కుక్కర్లో శనగలు పెట్టింది. వాటికీ ఎనిమిది విజిళ్లే. నేను ఫోను పొయ్యి పక్కన పెట్టి మొత్తం రికార్డు చేశాను. అమ్మ ఆ పక్కనే ఏదో అంటూ తిరుగుతోంది. అమ్మ ఎప్పుడూ ఏదో అంటూనే ఉంటుంది, ఇంట్లో ఫ్యాను చప్పుడు లాగా అది మాకు అలవాటు. తర్వాత మొదటి విజిల్ మాత్రం విని చూసుకున్నాను. సన్నాయిలా ఉంది. చాలనుకున్నాను.

"అమ్మా, ఈ పాట్లన్నీ గది కోసం. బావ అడిగితే కాస్త..."

"అడిగితే అబద్ధం చెప్పను. అడక్కపోతే నోరు తెరవను. ఆ పందిని మాత్రం వంటింట్లోకి రానియ్యను, మేడ మీద తగలడు. నా గరిటెలు ముట్టుకున్నావా, ఊరుకోను."

మేడ మీదకు వైరు లాక్కుని, మాంసం పెద్ద ముక్కలుగా కోసి, ఉల్లి, వెల్లుల్లి, కారం, బెల్లం, చింతపండు పులుసు పట్టించి కుక్కర్లో వేశాను. మూత బిగించి బటన్ నొక్కాను. కుక్కరు ముందున్న చిన్న అద్దంలో మూడు గంటలని అంకెలు వెలిగి, ఒక్కొక్కటే తగ్గటం మొదలైంది. నేను గంట చాలనుకున్నాను. యంత్రం మూడంటోంది. యంత్రానికి నాకన్నా ఎక్కువ తెలిసి ఉంటుందని వినయంగా తల వంచాను. కుక్కరు వెనకాల బ్లూటూత్ స్పీకరు దాచి కిందికి దిగాను.

బావ వచ్చాడు. హాల్లో కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాడు. ఎదురుగా అమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు పీచు తీస్తోంది. నేను గోడకానుకుని, జేబులో ఫోను పట్టుకుని, ఏ పాపం తెలియనివాడు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాను.

మేడ మీంచి మొదటి విజిల్ వినిపించింది.

"ఒకటి," అన్నాడు బావ.

"మంచి కుక్కరు బావా."

"కూత గట్టిగానే ఉందిరా. మీ అమ్మ కుక్కరు లాగే ఉంది."

అమ్మ చిక్కుడుకాయను మామూలుకన్నా గట్టిగా తుంచింది.

రెండు వచ్చింది. మూడు వచ్చింది. బావ గది గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. షట్టరుకు రంగు వెయ్యాలన్నాడు, ముందు రేకు దించాలన్నాడు. నేను మనసులో అప్పుడే బోర్డు రాయించేశాను. నాలుగు వచ్చింది. ఆ తర్వాత, పైనుంచి, స్పష్టంగా, మా అమ్మ గొంతు ఇలా అంది:

"మీ బావకి నువ్వేం పెట్టినా ఒకటేలేరా. ఉప్పు తక్కువైనా తెలవదు, ఎక్కువైనా తెలవదు. నాపరాయి మీద చెట్నీ వేసి పెడితే అదీ తింటాడు."

దానికి చప్పట్లు కొట్టినట్టు అయిదో విజిల్ వచ్చింది.

హాల్లో చిక్కుడుకాయ కూడా కదల్లేదు. బావ ముందు కప్పు వైపు చూశాడు. తర్వాత ఎదురుగా ఉన్న అత్తగారి వైపు చూశాడు. ఆమె నోరు మూసుకునే ఉంది. నా చెయ్యి జేబులో ఫోనును నొక్కుతోంది గానీ, నొక్కింది సౌండు పెంచే వైపని తర్వాత తెలిసింది.

"అత్తా, ఇప్పుడు మాట్టాడింది నువ్వేనా?"

"నేను ఇక్కడే ఉన్నా గదా బాబూ."

"అదే నేనూ చూస్తన్నా."

బావ లేచి మేడ మెట్లెక్కాడు. వెనక నేను, నా వెనక చిక్కుడుకాయల పళ్లెంతో సహా అమ్మ. పైన కుక్కరు ప్రశాంతంగా కూర్చుని ఉంది. బావ దాని వెనక్కి వంగి స్పీకరును బయటికి తీశాడు.

"ఇదేంది?"

"స్పీకరు బావా."

"కూరలు కూడా వండిద్దా?"

ఆరో విజిల్ ఆయన చేతిలోనే మోగింది. బావ దాని నోరు నొక్కి, నా చేతికిచ్చి, కుక్కరు మీద అరచెయ్యి పెట్టాడు. రాళ్ల మీద పెట్టినట్టే పెట్టి, కళ్లు మూసుకుని, తెరిచాడు.

"ఏరా, ఆరు విజిళ్లేసిన కుక్కరు మంచినీళ్ల కుండ లాగా చల్లగా ఉందేందిరా?"

"లేదు బావా, ఉడకతంది. చూడు, అంకెలు తగ్గతన్నయ్."

చూపించటానికి నేనూ వంగాను. అప్పటిదాకా అంకెల మీదే ఉన్న నా చూపు మొదటిసారి వాటి పక్కన వెలుగుతున్న చిన్న అక్షరాల మీద పడింది. పొద్దున నేను నొక్కింది వండే బటన్ కాదు. ఇప్పుడు కాదు, మూడు గంటలాగి వంట మొదలుపెట్టమని చెప్పే బటన్. నేను పైనుంచి దిగి గంట కూడా కాలేదు. యంత్రం నా మాట జవదాటకుండా బుద్ధిగా ఎదురుచూస్తోంది. అంటే ఆ పూట నేను, ఉడకని మాంసానికి, రాని విజిళ్లు వేయిస్తూ, కాని షాపుకు బోర్డు రాయించాను.

"నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివించాం బాబూ," అంది అమ్మ, మాట నా మీదకు మళ్లితే తనకు మంచిదని.

"తెలుసు అత్తా. ఇంతకీ ఆ విజిళ్లన్నా నిజమైనయ్యేనా?"

"శనగలయ్యి," అన్నాను.

"శనగలు ఉడికినయ్యా?"

"మెత్తగా ఉడికినయ్ బాబూ."

"అయితే అయ్యి పట్రా అత్తా. ఈ ఇంట్లో ఇయ్యాళ ఉడికింది అదొక్కటే."

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. సెల్‌ఫోను కవర్లాయన. ఆ ఫోనుకు కూడా కవరు ఆయనదే అయి ఉంటుందని నాకు అనుమానం. బావ నా ముఖం చూస్తూ మాట్లాడాడు. నా ముఖంలో ఏం కనిపించిందో తెలియదు. రెండేళ్ల ఉల్లిపాయలు కనిపించి ఉండొచ్చు.

"సాయంత్రం చెబుతానన్నా గదయ్యా. ఇంకా సాయంత్రం కాలా," అని పెట్టేశాడు. తర్వాత పిట్టగోడ మీద చతికిలబడ్డాడు.

"నొక్కు. ఈసారి నా కళ్ల ముందు."

నొక్కాను. నొక్కేముందు అక్షరాలు పైకి చదివాను కూడా. కాసేపటికి కుక్కరు లోపల సన్నగా సణిగి, పిన్ను టక్కున పైకి లేచి, తర్వాత నోరు మూసుకుంది. బావ దాని వైపు అనుమానంగా చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"మరి ఉడికిందని ఎట్టా నమ్మాల?"

"మూత తీసినాక ఫోర్కుతో లాగుదాం బావా. నడిమధ్య దాకా నార విడిపోయిందా, ఉడికినట్టు."

"విడిపోకపోతే?"

"సెల్‌ఫోను కవర్లు."

"ఈ ముక్క పొద్దున్నే చెప్తే పొయ్యేది గదరా. నేనేమన్నా నిన్ను కొరుకుతానా?"

నేను మూత మీది పిన్నును చూస్తూ కూర్చున్నాను.

అమ్మ గుగ్గిళ్లు తాలింపు వేసి తెచ్చింది. బావ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, ఆకాశం వైపు చూస్తూ, తీరిగ్గా నమిలాడు.

"ఉప్పు తక్కువైంది అత్తా."

అమ్మ గిన్నె కింద పెట్టింది. ఉప్పు తేవటానికి వెళ్లింది. జవాబు చెప్పకుండా ఆమె మెట్లు దిగటం నా జీవితంలో చూడటం అదే మొదటిసారి. అది కూడా రికార్డు చేసి ఉండాల్సింది.

గంట దాటాక కుక్కరు టింగుమంది. పిన్ను దానంతటది దిగేదాకా ఆగాలని చెబితే, "పెళ్లిచూపుల్లో కూడా ఇంత కూర్చోలేదురా" అన్నాడు గానీ కదల్లేదు. పిన్ను దిగింది. మూత తీశాను. ఆవిరితో పాటు కారం, బెల్లం, వెల్లుల్లి కలిసిన వాసన మేడంతా పరుచుకుంది. అన్నిటికన్నా లావు ముక్కను బావే ఎంచి పళ్లెంలోకి తీయించాడు. ఫోర్కు తగిలించి లాగాను. దూది ఏకినట్టు విడిపోయింది. నడిమధ్య దాకా విడిపోయింది. నాకు ఏడుపొచ్చింది, దగ్గర్లో ఒక్క ఉల్లిపాయ కూడా లేకుండా.

బన్నులో కూరి, గోంగూర రాసి ఇచ్చాను. మొదటి బన్నును బావ నాలుగు కొరుకుల్లో ముగించాడు. రెండోది తనే అందుకున్నాడు. అమ్మ మెట్ల దగ్గర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి, కాసేపటికి కొంగు కొంచెం దించి, "వాసన బానే తగలడిందే," అంది. మూడో బన్ను అయ్యాక బావ చెయ్యి కడుక్కున్నాడు.

"ఉప్పు సరిపోయింది," అన్నాడు, నాతో కాదు, అత్తగారితో.

తర్వాత ఫోను తీశాడు. "ఏమనుకోబాకయ్యా. గది మా బామ్మర్దికి ఇచ్చేస్తన్నా. ఆ... తినేదే పెడతన్నాడు. బాగుంది. నిజంగానే బాగుంది." పెట్టేసి నా వైపు తిరిగాడు. "రేపు పొద్దున్నే రా. రాళ్లు నువ్వే మొయ్యాల."

మోశాను. నడుం పట్టేసింది గానీ షట్టరు పైకి లేచింది. ఇప్పుడు సాయంత్రం పూట బస్టాండు దగ్గర మా బన్ను కోసం నలుగురు నిలబడుతున్నారు. ఆ నలుగురిలో ఒకాయన సెల్‌ఫోను కవర్లాయన.

కాబట్టి, కృష్ణ ఒడ్డున చేత నీళ్లు పట్టుకున్నంత గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ పాత్ర తరఫునా నేను విజిల్ వెయ్యను. నోరు మూసుకుని పని చేసుకునే దానికి గొంతు అరువివ్వను. ముఖ్యంగా, మా అమ్మ ఉన్న గదిలో ఏదీ రికార్డు చెయ్యను.

కరెంటు కుక్కరు కొనేవాళ్లకు ఒక్క మాట. మూతలోని రబ్బరు రింగుకు మాంసం వాసన పట్టేస్తుంది, సబ్బుతో రుద్దినా పోదు. పాయసానికి ఇంకో రింగు విడిగా ఉంచుకోండి.