ఎర్ర రంగు పాకిన చేను

నీటిరంగులు నేర్పిన టీచరమ్మ నాకు ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది: "రంగు ఎటు పాకితే అటు పోనివ్వు, దిద్దకు. వదిలేయడం అలవాటవుతుంది." విశాఖ నుంచి మఠంపల్లికి ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, కృష్ణ ఒడ్డున కూర్చుని అదే చేస్తున్నాను. గట్టు మట్టికోసం పెట్టిన ఎర్ర రంగు తడి కాగితం మీద పక్క చేలోకి పాకింది. వదిలేశాను.

"ఏం గీస్తున్నవ్ సార్?"

గొర్రెలు తోలుకొచ్చిన పెద్దాయన నా వెనక నిలబడి ఉన్నాడు.

"ఊరికే, బొమ్మ."

"ఊరికెనే ఎవరు గీస్తరు? గది మా సేను. దాని మీద ఎర్ర రంగు ఎందుకేసినవ్?"

"నేను వేయలేదు. అదే పాకింది."

ఆయన నమ్మలేదు. "పోయినేడు ఒకాయన గిట్లనే కాగితం పట్టుకొని వచ్చిండు. తెల్లారి సూస్తే మా గట్టు రాళ్ల మీద ఎర్ర గీతలు. కింద సున్నపురాయి ఉన్నదట, సిమెంటు కంపెనీకి జాగ ఇడిసిపెట్టాల్నట. జర ఆ కాగితం ఇటియ్యి."

నేర్చుకుంటున్నదే వదిలేయడం కదా అనుకుని ఇచ్చేశాను. ఆయన దాన్ని ఏట్లో ముంచి, చిరగకుండా అరచేత్తో మెల్లగా కడిగాడు. ఎరుపంతా పోయాక తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఏమనుకోకు సార్. ఫోన్ల ఫోటో గిట్ల తీసినవా?"

"లేదు."

నా ముఖంలోకి కాసేపు చూసి, గొర్రెల వెంట వెళ్లిపోయాడు.

ఎరుపు పాకిన ఆ బొమ్మను అప్పటికే ఫోటో తీశాను. ఇన్నాళ్లయినా దాన్ని ఫోన్లోంచి తీసేయడానికి నాకు మనసొప్పలేదు.