బిగిసిన కాలరు
ఆ దర్జీని చూస్తే ముందు వేళ్లే కనిపిస్తాయి. పద్దెనిమిదేళ్ల కీళ్లవాతం వాటిని పక్కకు వంచేసింది. పొద్దున్నే వేడినీళ్లలో నానబెడితే గానీ కత్తెర పట్టలేడు. ఒంట్లో ఏం వచ్చినా "అదీ వాతమేలే" అని కొట్టిపారేస్తాడు. ఈమధ్య తన చొక్కా కాలరు బిగుస్తోంది. గుడ్డ కుంచించుకుపోయిందని నేసినవాణ్ణి తిట్టుకుంటూ రెండుసార్లు గుండీ జరిపి కుట్టుకున్నాడు. ఇవాళ మూడోసారి జరపబోతుంటే, పక్కనే కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది. "చొక్కా భుజాలు జారిపోతున్నాయి, ఛాతీ దగ్గర వేలాడుతోంది. ఒక్క కాలరే ఎలా కుంచించుకుపోయిందండీ?"

ఆయన చెయ్యి ఆగింది. ఏళ్ల తరబడి ఇలాంటి కీళ్లవాతంతో ఉన్నవాళ్లలో కొద్దిమందికి లింఫు గ్రంథుల క్యాన్సర్ రావచ్చనీ, మెడలో గడ్డ తగిలితే వెంటనే రమ్మనీ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు టేపు ఆమెకిచ్చి గడ్డం పైకెత్తాడు. చెవి కింద ఆమె వేలు నిలిచిపోయింది.

"ఇదేంటండీ, ఇక్కడ గోలీకాయంత..."

ఎవరి మెడ కొలిచినా అరంగుళం వదులు కలిపే మనిషి, "ఈసారి వదులేం కలపకు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాలి" అన్నాడు.