బట్వాడా వరసలో నేను

మా ముత్తాత ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు పెట్టినవాడు. మా తాత మార్కెట్ యార్డుకు వచ్చి కూర్చుంటే తప్ప ఆ పూట వేలం మొదలయ్యేది కాదు. పోయిన వారం ఆదోని రిజిస్ట్రారు ఆఫీసులో మా ఇంటిపేరు చెబితే, అక్కడి కుర్ర గుమాస్తా తలెత్తకుండా, "యాడోళ్లమ్మా మీరు?" అన్నాడు. నేను నడుం నిటారుగా పెట్టి, "ఈడోళ్లమే" అన్నాను.

నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. అమ్మ నన్ను తీసుకుని ఎమ్మిగనూరులో పుట్టింటికి చేరి మళ్లీ మగ్గంలో కూర్చుంది. నా పోషణకు నాన్న నెలనెలా ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఇవ్వనని ఆయన అనలేదు. మనియార్డరు చేయను, పిల్లే వచ్చి తీసుకోవాలి అన్నాడు. అదీ మిల్లులో కూలీలకు కూలి డబ్బు బట్వాడా జరిగే శనివారం, రోడ్డు వైపు ఆఫీసు గది ముందు, కూలీల వరసలోనే. గుమాస్తా అందరినీ పేరు పెట్టి పిలిచేవాడు, నన్ను మాత్రం "ఎమ్మిగనూరు పాపా!" అనేవాడు. అలా పిలవమన్నది నాన్నే. జుట్టు నిండా దూది నూగుతో నా వెనక నిలబడ్డ ఒక కూలీ అవ్వ ఒకసారి ఉండబట్టలేక, బల్ల వెనక కూర్చున్న నాన్నను అడిగేసింది.

"ఏమప్పా, కన్నబిడ్డను ఎండలో నిలబెడితివే, కండ్లు కానరావా?"

"కోర్టు ఇయ్యమనె, ఇస్తాండా. కుర్చీ ఎయ్యమని సెప్పలేదే" అన్నాడు నాన్న. వరసంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. తన కొంగు నా తల మీద కప్పింది.

అమ్మ నాకు నేర్పి పంపిన మాట ఒక్కటే: "సెయ్యి సాపొద్దు. బల్ల మీద పెట్టమను." అలాగే అనేదాన్ని. ఇంటికి రాగానే అమ్మ అన్నం పెడుతూ, ఆయన చిక్కినాడా, ఆ రెండో పెండ్లాం కూడా ఆడ ఉన్నిందా అని అడిగేది. ఆయన చిక్కినాడంటే అమ్మకు ఆ పూట ముద్ద దిగేది కాబట్టి, పొట్ట పెరిగిన మనిషిని నేను నెలనెలా చిక్కించేదాన్ని. శుక్రవారం రాత్రి నాకు జ్వరం రావడం, ఆదివారానికి దిగిపోవడం ఊళ్లో డాక్టరుకు చివరిదాకా అంతుపట్టలేదు.

పెద్దయ్యాక భాగానికి దావా వేశాను. లోపలి గోదాములు ఇస్తానని నాన్న వకీలు చేత ఎన్నిసార్లు చెప్పించినా, రోడ్డు వైపు భాగమే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నాను. పోయిన వారం దాన్ని అమ్మే రోజున రిజిస్ట్రారు ఆఫీసుకు ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు.

"ముందర భాగం ఒక్కటి అమ్మొద్దమ్మా. మా నాయన కూసున్న గది అది. పొద్దున పోయి ఆడ కూసోకపోతే నాకు తోచదు."

"పెద్దాయనా, కొన్నాయన రేపే పలుగులు పంపిస్తాడంట. నీ సామాన్లుంటే ఈ పొద్దే తీసుకో."

"నాయనా అనవా నన్ను?"

"నువ్వు అలవాటు సెయ్యకపోతివి."

ఆయన పెదవి వణికింది. నేను చూపు తిప్పుకోలేదు, తీరిగ్గా చూశాను. ఆ తర్వాత సంతకం పెట్టాను. ఇన్నేళ్లలో ఏ సంతకమూ నాకు ఇంత అందంగా కుదరలేదు.

ఏళ్లు గడిస్తే మనసు మెత్తబడుతుందని నాకు చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆ వరసలో నిలబడినవాళ్లు కారు. ముందు షెడ్డు, ఆఫీసు గది, రోడ్డు వైపు స్థలం లారీలు తూచే కాటా పెట్టుకునే ఆయనకు అమ్మేశాను.