భుజం మీద అరగంట

మొన్న మనవరాలు తన మూడు నెలల కొడుకుతో కరీంనగర్ నుంచి వచ్చింది. పాలు తాగిన ప్రతిసారీ వాడు నా భుజం తడిపేస్తున్నాడు. డాక్టరుకు చూపించిందట. బరువు పెరుగుతున్నాడు, కక్కులో పసరు రంగు లేదు, పరీక్షలక్కర్లేదు, తాగాక అరగంట నిటారుగా ఎత్తుకోండి చాలన్నాడట. "గంతే అమ్మమ్మా, ఫికర్ చెయ్యకు" అంది. నేను నవ్వాను గానీ వాణ్ణి ఇంకాస్త గట్టిగా భుజానికి హత్తుకున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. మాది నేతపని ఇల్లు. మా ఆయన మగ్గం గుంతలో, నేను రాట్నం ముందు. నేను నూలు కండెలు చుట్టకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. అందుకే నా తొలిచూలు కొడుక్కి గబగబా పాలిచ్చి, దూలానికి కట్టిన చీర తొట్టెలలో వెల్లకిలా వేసి, తాడు కాలి బొటనవేలికి చుట్టుకునేదాన్ని. చెయ్యి రాట్నం తిప్పేది, కాలు కొడుకును ఊపేది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. కడుపునిండా తాగిన పసివాణ్ణి అలా ఊపితే పాలు గొంతులోకి ఎగదన్నుతాయని నాకేం తెలుసు? వాడు కక్కేవాడు, వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడ్చేవాడు.

మా అత్త దిష్టి అంది. ఆమె లెక్కన మా వాడకట్టులో దిష్టి పెట్టనిది ఎదురింటి మేక ఒక్కటే. ఉప్పు, మిరపకాయలు అయిపోయాయి గానీ కక్కడం ఆగలేదు. చివరికి పసుపుకొమ్ము నిప్పుల్లో పెట్టింది.

"సురుకు పెడితే పాలు కట్టుబడతయ్ పిల్లా. నీ మొగనికి చిన్నప్పుడు పెట్టలేదా? బతికి మగ్గం నేస్తలేడా?"

నిజమే, మా ఆయన పొట్టమీద ఆ మచ్చలున్నాయి. అత్త ఆ కొమ్ముతో పిల్లాడి పొట్టమీద వాతలు పెడుతుంటే కాళ్లు పట్టుకున్నది నేనే.

మర్నాటికి కక్కడం ఆగింది. అత్త వాడకట్టంతా బెల్లం పంచింది. నేనూ తిన్నాను. పాలు నిండి రొమ్ములు రాయిలా గట్టిపడి సలుపుతుంటే అప్పుడు తెలిసింది, వాడు తాగడమే మానేశాడని. వాతలు చీము పట్టాయి. వాడి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

బస్సెక్కి కరీంనగర్ పెద్ద దవాఖానకు పరుగెత్తాం. కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ వాణ్ణి తూచింది, పొట్ట నొక్కింది, కక్కు రంగేమిటి, ఎగిసి దూరంగా పడేదా, తాగాక ఎలా పడుకోబెట్టేవారని అడిగింది. తొట్టెల సంగతి చెప్పాను. "కొంచెం కొంచెం పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, అరగంట ఎత్తుకుంటే సరిపోయేదమ్మా. ఏడాది తిరిగేసరికి అదే తగ్గిపోయేది" అంది. సూదిమందు వేసింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

రెండో రోజు వాడు పోయాడు. కక్కు వల్ల కాదు, మా వాత వల్ల. అత్త మీద కోపం ఆమె పోయాక కూడా పోలేదు. నా మీద నాకున్నది అంతకంటే ఎక్కువ.

ఆ తర్వాత పుట్టిన ముగ్గురినీ భుజాన వేసుకునే పెంచాను. కండెలు ఆగాయి, అత్త సణిగింది, పొయ్యి వెలగని పూటలూ ఉన్నాయి.

"అరగంటయింది అమ్మమ్మా, ఇగ పండబెట్టు" అంటోంది మనవరాలు గడియారం చూపిస్తూ. వాడు నా మెడ మీద చిన్నగా తేన్చి నిద్రపోయాడు. అయినా దించలేదు. నా తొలిచూలు కొడుకు పోయి అరవై ఏళ్లు దాటినా, నాకు ఆ అరగంట ఇంకా కాలేదు.