నాలుగు వందల పన్నెండో నెంబరు కూర్మమ్మ

బరంపురంలో దర్జీ గున్నయ్య ఎక్కడుంటాడని అడిగితే ఇద్దరు ముగ్గురి ఇళ్లు చూపిస్తారు. వైకుంఠరావు గారి పోలింగ్ ఏజెంటు గున్నయ్య అంటే మాత్రం ఒక్కడే. ఆ రెండో పేరంటేనే అతనికి మక్కువ. మొదటిది ఇంట్లో అన్నం పెడుతున్నా దాని గురించి మెచ్చుకునేవాళ్లు తక్కువ. దసరాకి ఇస్తానన్న చొక్కా కార్తీకంలో ఇచ్చేవాడు. ఇదేమిటని నిలదీస్తే, "నీ కొలతలు మరిసిపోతానేమో గానీ నీ ఓటరు నెంబరు మరిసిపోను" అనేవాడు. చొక్కా కోసం వచ్చినవాడికి ఆ నెంబరు ఏ చలికి అడ్డం పడుతుందో అతనికి తట్టేది కాదు.

వైకుంఠరావు గారు డెబ్భై ఒకటి నుంచి అసెంబ్లీకి నిలబడుతూనే ఉన్నారు. తొంభై దాకా ఆరుసార్లు. అందులో రెండుసార్లు గెలిచారు, నాలుగుసార్లు ఓడారు. మూడు పార్టీలు మారారు, ఒకసారి ఏ పార్టీ లేకుండా నిలబడి డిపాజిట్టు పోగొట్టుకున్నారు. గున్నయ్య ఈ లెక్క ఇలా చెప్పేవాడు కాదు. "మా బూత్‌లో ఆరుకి ఆరు మనవే" అనేవాడు. నిజమే. నియోజకవర్గమంతా చిత్తుగా ఓడినా గున్నయ్య కూర్చున్న బూత్‌లో వైకుంఠరావు గారికే ఎక్కువ పడేవి. నాయకుడు ఇంట్లోంచి బయటికి రాకుండా ముఖం దాచుకున్న రోజున కూడా గున్నయ్య కాలరెగరేసుకుని బజారంతా తిరిగేవాడు. ఆ కాలరు తను కుట్టుకున్నదే కావడం వల్ల ఒక పక్కకి ఒరిగి ఉండేది. ఇదంతా ఎవరో గిట్టనివాళ్లు పుట్టించింది కాదు. తర్వాత రోజుల్లో గున్నయ్య తన మీద తనే చెప్పుకుని నవ్వుకున్న సంగతి.

ఏజెంటు చేసే పని ఏమంత గొప్పది కాదు. అధికారి జాబితాలోంచి పేరు చదువుతాడు, ఏజెంటు తలెత్తి వచ్చిన మనిషి మొహం చూస్తాడు. దొంగ ఓటు అనిపిస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పాలి. గున్నయ్య పక్కనే ఎదుటి పార్టీ తరఫున సూరయ్య కూర్చునేవాడు. సూరయ్యది సైకిళ్ల మరమ్మతు దుకాణం, గున్నయ్య ఇంటికి నాలుగో ఇల్లు. ఇద్దరికీ బావా అంటే బావా అనుకునే చనువు. పైకి ఎన్నడూ అనుకోని ఒప్పందం కూడా ఒకటి ఉంది. సూరయ్య తరఫున చనిపోయినవాడెవడైనా వచ్చి ఓటేస్తే గున్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తాడు. గున్నయ్య తరఫున ఒకరు లేచి వస్తే సూరయ్య పొడుం డబ్బా తీస్తాడు. ఒకరికి ఒకరు చెల్లు.

ఇంత సర్దుబాటు ఉండీ గున్నయ్య ఊరుకునేవాడు కాదు. ప్రతి ఎన్నికకూ ముందు ఓటరు జాబితాల ఆఫీసుకు వెళ్లి, ఎదుటివాళ్ల తాలూకు చనిపోయినవాళ్ల పేర్లు కొట్టేయమని ఫారాలు నింపి ఇచ్చేవాడు. సొంతవాళ్ల పేర్లు మాత్రం ముట్టుకునేవాడు కాదు. అతని మేనమామ పోయాక కూడా తొమ్మిదేళ్ల వరకూ క్రమం తప్పని ఓటరు.

తొంభై నాలుగు కార్తీకంలో గున్నయ్య తల్లి కూర్మమ్మ పోయింది. జాబితాలో ఆవిడది నాలుగు వందల పన్నెండో నెంబరు. "బంగారంలాటి ఓటు, ఎందుకు పోగొట్టుకోవాల?" అని గున్నయ్య ఆ పేరు అలాగే ఉంచాడు. వీధిలో వాళ్లు నవ్వారు, తనూ నవ్వాడు. కానీ కొత్త జాబితా చేతికి వచ్చాక రోజుకొకసారైనా ఆ పేజీ తీసేవాడు. కూర్మమ్మ, భర్త పైడయ్య, వయసు డెబ్భై ఒకటి. ఒడియా అక్షరాల్లో ఆవిడ పేరు చూసి, కాసేపు ఆగి, పేజీ తిప్పేవాడు. ఎందుకు చూస్తున్నాడో తనను తాను అడగలేదు.

ఆఖరి రోజుల్లో ఆవిడ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. "ముందు గుండీలెట్టి వొదులుగా ఒక జాకెట్టు కుట్టీరా నాయనా" అని అడిగింది. గున్నయ్య ఆ పూటే గుడ్డ కత్తిరించాడు. అంతలో వైకుంఠరావు గారు ఊరూరా సభలు మొదలుపెట్టారు. అస్కా వైపు ఒకరోజు, గోపాలపూర్ వైపు ఒకరోజు, జీపు వెనక గున్నయ్య. ఇంటికొచ్చినప్పుడల్లా "రేపు కుడతానే అమ్మా" అనేవాడు, బజారు ఖాతాదారులతో అన్నట్టే. కొన్నాళ్లకి ఆవిడ అడగడం మానేసింది. ఆ గుడ్డ ముక్కలు ఇంకా మిషను పైన చిలక్కొయ్యకి వేలాడుతున్నాయి.

తొంభై అయిదులో వైకుంఠరావు గారు ఏడోసారి నిలబడ్డారు. బడిగదిలో బూత్. పొద్దున్నే సూరయ్య తరఫున పోతయ్య వచ్చి ఓటేసి వెళ్లాడు. అసలు పోతయ్య పోయి ఆరు నెలలైంది. గున్నయ్య కిటికీలోంచి చూశాడు. బడి గోడ మీద మేక ఒకటి నడుస్తోంది. అది దిగేదాకా చూశాడు.

మధ్యాహ్నం కాబోతుండగా అరవై దాటిన ఒకావిడ చీటీ పట్టుకుని వచ్చింది. పోలింగ్ అధికారి చీటీ చూసి ఒడియాలో నెంబరు చదివాడు, "చారిశొ బారొ, కూర్మమ్మ." సూరయ్య పొడుం డబ్బా తీశాడు. గున్నయ్య జాబితా మీద పెన్సిలు పెట్టాడు. పార్టీ వాళ్లు పంపుతారని అతనికి తెలియనిది కాదు. ఆ పేరు ఉంచిందే తను.

అధికారి పై ఊరివాడు, కొత్త. కొంచెం గట్టివాడు. తడబడుతున్న తెలుగులో భర్త పేరేమిటని అడిగాడు.

"పైడయ్య బాబూ."

"పిల్లలు?"

"ఒక్కడే కొడుకు. గున్నయ్య. దర్జీ పని సేస్తాడు."

ఆవిడకి పాఠం బాగానే నేర్పారు. ఆ గున్నయ్య మూరెడు దూరంలో బల్ల వెనకే ఉన్నాడని మాత్రం చెప్పలేదు. అధికారికి ముచ్చటేసింది. కొడుకు బాగా చూసుకుంటాడా అని అడిగాడు. ఇది పాఠంలో లేని ప్రశ్న. ఆవిడ తడుముకోకుండా చెప్పింది.

"సూస్తాడు బాబూ. దర్జీ కొడుకుండగా నాకు బట్టకి లోటేటి? అడిగిన్నాడే కుట్టి సేతిలో పెడతాడు."

గున్నయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో లేచాక తెలిసింది.

"ఎ మో బోఉ నుహె" అన్నాడు ఒడియాలో. ఈవిడ మా అమ్మ కాదు అని.

అధికారికి అర్థం కాలేదు. "నీ అమ్మ సంగతి ఎవరడిగారు?"

"ఆ గున్నయ్యని నానే సార్" అని గున్నయ్య జేబులోంచి రెండు రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "అబ్జెక్షను."

సూరయ్య అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగాడు. "బావా, ఇది నీ వంతు. కూకో."

"నా వంతు నాకొద్దు బావా."

అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఈ ఓటు ఎవరికి పడుతుందని అడిగాడు. "మాకే సార్" అన్నాడు గున్నయ్య. గదిలో అందరూ నవ్వారు. గున్నయ్య నవ్వలేదు, రెండు రూపాయలూ ఇంకాస్త ముందుకు తోశాడు. సాక్ష్యం ఏమిటని అధికారి అడిగాడు. సూరయ్య పొడుం డబ్బా మూసి జేబులో పెట్టుకున్నాడు.

"పాడె నానూ మోసినాను సార్" అన్నాడు.

గుమ్మం దగ్గరున్న పోలీసు ముందుకు రాబోయాడు. "ఒగ్గీండి సార్, ఎవలో పంపితే వచ్చినాది" అని గున్నయ్య బతిమాలాడు. అధికారి చీటీ తన దగ్గరే ఉంచుకుని ఆవిడని వెళ్లమన్నాడు. ఆవిడ వెళ్తూ గున్నయ్య దగ్గర ఆగింది.

"నువ్వేనా బాబూ ఆ కొడుకువి? నానేటైనా తప్పు సెప్పీనానా?"

"నువ్వు బాగానే సెప్పినావమ్మా. నానే అలాగ సూడలేదు" అన్నాడు గున్నయ్య.

వైకుంఠరావు గారు మూడు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. గున్నయ్య బూత్‌లో కూడా మొదటిసారి ఓడారు, రెండే రెండు ఓట్లతో. ఆ ఒక్క ఓటు పడి ఉంటే ఒక్క ఓటుతో ఓడేవారు. ఈ లెక్క గున్నయ్య వారం రోజులు వేసుకున్నాడు, వేసుకున్నప్పుడల్లా తనను తిట్టుకున్నాడు.

ఫలితాలొచ్చాక కార్యకర్తలంతా వైకుంఠరావు గారింటికి వెళ్లారు. ఆయన గున్నయ్యని చూసి, "ఏటి గున్నయ్యా, మన ఓటుని మనమే ఆపీసినామంట" అని అందరి ముందూ నవ్వారు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే, ఓడిపోవడం మనకి కొత్తా? అమ్మ కులాసాయేనా?" అన్నారు.

వెటకారమేమోనని గున్నయ్య ఆయన మొహంలోకి చూశాడు. కాదు. నిజంగానే అడిగారు. ఇరవై నాలుగేళ్లుగా ఆయనకి ఆవిడ జాబితాలో ఒక ఓటు. జాబితాలో ఇంకా ఉంది.

"కులాసాయే బాబూ" అన్నాడు గున్నయ్య, ఆయన ఏమడిగినా ఔననే అలవాటు కొద్దీ. మెట్లు దిగుతుంటే సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా ఇతన్ని ఎన్నో ఏళ్లుగా ఎరుగును. "ఎన్నికలైపోయాయి కదా, ఇప్పుడెవర్ని కొట్టేయిస్తావు?" అంటూ ఫారం ఇచ్చాడు. గున్నయ్య జాబితా చూడకుండానే నెంబరు వేశాడు. పేరు రాశాడు. కారణం దగ్గర 'మృతి' అని రాశాడు. ఎంతమంది పేర్ల పక్కనో కలం ఎత్తకుండా రాసిన మాట అది. ఈసారి రెండు అక్షరాలకీ రెండుసార్లు ఆగాడు.

ఆ కింద చనిపోయిన తేదీ రాయాలి. అదెంత తలచుకున్నా రాలేదు. వీధిలో ఆరు వందల మంది నెంబర్లు నోటికి వచ్చిన మనిషి తల్లి పోయిన తేదీ కోసం కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆ రోజు గోపాలపూర్‌లో వైకుంఠరావు గారి సభ జరిగిందని గుర్తొచ్చింది. సభ ఏ తేదీనో చక్కగా గుర్తుంది. ఆ తేదీనే వేసి, కింద సంతకం చేశాడు.